రాతిపనివాడి పేరేమిటి?

"చదువుకోకపోతే రాళ్ళు కొట్టుకుని బతకాల్సి వస్తుంది!" ఈ మాట మీరు ఇంట్లోనో, బడిలోనో ఒక్కసారైనా వినే ఉంటారు. చదువు రానివాడు చేసే పని రాళ్ళు కొట్టడమని, దానికి తెలివి అక్కరలేదని, కండబలం ఉంటే చాలునని ఈ మాటకు అర్థం. మరి అదే రాతిని చెక్కి బొమ్మ చేసినవాడిని మనం "శిల్పి" అని గౌరవంగా పిలుస్తాం. ఇద్దరి చేతిలోనూ ఉన్నవి సుత్తీ, ఉలీ. ఇద్దరి ముందూ ఉన్నది రాయే. ఒకరి పేరు పొగడ్త, మరొకరి పేరు తిట్టు ఎందుకయింది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే రెండు పనులు చేయాలి. ముందు రాతిపనివాడికి మన భాషలో ఉన్న పేర్లను పరిశీలించాలి. తరువాత అతను రాతితో ఏం చేస్తున్నాడో శాస్త్ర దృష్టితో చూడాలి. రండి, చూద్దాం!

ఎన్ని పేర్లో చూడండి!

"శిల" అంటే రాయి కదా, కనుక రాతిని చెక్కేవాడు శిల్పి అయ్యాడని చాలామంది అనుకుంటారు. వినడానికి సబబుగానే ఉంది. కాని "శిల్పం" అనే మాట "శిల" నుంచి పుట్టలేదు. పాత సంస్కృతంలో శిల్పం అంటే నేర్పుతో చేసే ఏ పనైనా సరే. శిల్పి అంటే చేతి నేర్పు ఉన్న ఏ పనివాడైనా సరే. పాణిని వ్యాకరణంలో శిల్పులకు సంబంధించిన సూత్రం ఒకటి ఉంది. దానికి వ్యాఖ్యాతలు ఇచ్చిన ఉదాహరణలు ఏమిటో తెలుసా? నాట్యమాడే నర్తకుడు, భూమి తవ్వే ఖనకుడు, బట్టలకు రంగులద్దే రజకుడు! తవ్వేవాడూ, రంగులద్దేవాడూ కూడా ఒకప్పుడు శిల్పులేనన్నమాట. రానురాను ఆ మాట బొమ్మలు చెక్కేవారికి మాత్రమే మిగిలింది.

వాస్తుశాస్త్ర గ్రంథాలు కట్టడం పనివారిని నాలుగు రకాలుగా చెబుతాయి. పని మొత్తానికి పెద్ద స్థపతి. నూలు తాడు పట్టి కొలతలు గుర్తించేవాడు సూత్రగ్రాహి. చెక్కేవాడు, నరికేవాడు తక్షకుడు. భాగాలను అమర్చి కలిపేవాడు వర్ధకి. నేటి పెద్ద కట్టడాల దగ్గర ఇంజనీరు, సర్వేయరు, పనివారు ఉన్నట్టే ఆనాడూ పని పంచుకునేవారు.

తెలుగులో మరికొన్ని పేర్లున్నాయి. పాత నిఘంటువులు తిరగేస్తే "కాసెవాడు" అనే మాట కనిపిస్తుంది. రాతిపనివాడు అని అర్థం. కమ్మరి, వడ్రంగి, కంచరి, కంసాలి పక్కన అయిదో పనివాడుగా కాసెను చెప్పేవారు. నేడు ఈ మాట దాదాపు మరుగున పడింది. చెరువులు, బావులు తవ్వి, కొండల నుంచి రాయి తీసే పని తరతరాలుగా చేసినవారు వడ్డెరలు. వారి పూర్వులు ఓఢ్రదేశం, అంటే నేటి ఒడిశా వైపు నుంచి వచ్చారని, పేరు అందుకే వచ్చిందని అంటారు. వారిలో రాతిపని చేసేవారిని రాతివడ్డెలనీ, మట్టిపని చేసేవారిని మట్టివడ్డెలనీ పిలిచేవారు. తమిళనాడు, కర్ణాటకలకు వెళ్ళి స్థిరపడిన ఈ పనివారిలో చాలామంది ఇళ్ళలో ఇప్పటికీ తెలుగు మాట్లాడతారు.

ఇక "మేస్త్రి"! అచ్చ తెలుగులా వినిపించే ఈ మాట పోర్చుగీసు వారి "మెస్త్రె" నుంచి వచ్చింది. దాని అర్థం పనిలో ఆరితేరిన గురువు అని.

రాతికే మన భాషలో మరో పాత పేరుంది. అది "కల్లు". తమిళులూ, కన్నడిగులూ ఇప్పటికీ రాతిని కల్లు అనే అంటారు. మనం ఆ మాట మరచిపోయామనుకుంటున్నారా? పెళ్ళిలో వధువు చేత తొక్కించే సన్నికల్లు గుర్తు తెచ్చుకోండి! కాకతీయుల రాజధాని ఓరుగల్లు పేరులో ఉన్నదీ అదే కల్లు. ఓరుగల్లు అంటే ఒకే రాయి. అందుకే సంస్కృతంలో దాన్ని ఏకశిలానగరం అన్నారు.

పేర్లు చూశాం. ఇప్పుడు పని చూద్దాం.

సుద్దముక్కతో ఒక ప్రయోగం

ఒక కొత్త సుద్దముక్క తీసుకోండి. దాన్ని బల్లమీద నిలబెట్టి పైనుంచి అరచేతితో నిటారుగా నొక్కండి. అంత తేలికగా విరగదు. ఇప్పుడు దాన్నే రెండు చేతులతో పట్టుకుని కొంచెం వంచండి. టక్కున విరిగిపోతుంది! వంచినప్పుడు సుద్దముక్కకు ఒక పక్క నొక్కుడు, రెండో పక్క లాగుడు కలుగుతాయి. లాగుడు కలిగిన పక్కనే పగులు మొదలవుతుంది.

రాయి స్వభావం కూడా ఇదే. నల్లరాయి, అంటే గ్రానైటు, చాలా బరువు మోస్తుంది. కాని లాగే బలానికి అది తట్టుకోగలిగింది దాదాపు పదో వంతే. అందుకే ఎత్తయిన స్తంభం కూడా నిలుస్తుంది. రెండు స్తంభాల మీద అడ్డంగా పరచిన దూలం మరీ పొడవైతే మాత్రం మధ్యలో విరుగుతుంది. పాత గుళ్ళలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందా?

రాళ్ళు కొట్టే మనిషి బండను చీల్చేది ఈ కిటుకుతోనే. అతను బండ మీద ఒక గీత గీసి, ఆ గీత వెంట వరసగా చిన్న గుంటలు తొలుస్తాడు. ప్రతి గుంటలోనూ ఒక ఇనుప మేకు దిగవేస్తాడు. మేకు పైన లావుగా, కింద సన్నగా ఉంటుంది. తరువాత సమ్మెటతో మొదటి మేకు మీద ఒక దెబ్బ, రెండోదాని మీద ఒక దెబ్బ, ఇలా వరసగా కొడుతూ పోతాడు. మేకు కిందికి దిగుతూ రాతిని రెండు పక్కలకూ తోస్తుంది. అంటే దెబ్బ పైనుంచి పడినా, రాతికి తగిలేది విడదీసే బలం. రాయి తట్టుకోలేనిది సరిగ్గా ఆ బలాన్నే! గుంట నుంచి గుంటకు పగులు పాకి, బండ గీత గీసినట్టే రెండుగా విడిపోతుంది.

ఒకే మేకును పట్టుకుని బాదితే ఏమవుతుంది? పగులు తన ఇష్టం వచ్చిన దారి పడుతుంది. బండ పాడవుతుంది. కనుక ఇక్కడ కావలసింది కండబలం కాదు, లెక్క. ఎక్కడ గుంట వేయాలి, ఎంత ఎడంగా వేయాలి, ఎన్ని దెబ్బల తరువాత ఆగాలి అన్నది తెలియాలి. మీరు హంపీకి వెళితే అక్కడి గుండ్ల మీద ఇలాంటి గుంటల వరసలు ఈనాటికీ చూడవచ్చు. విజయనగర కాలపు పనివాళ్ళు తొలిచి, చీల్చకుండా వదిలేసిన రాళ్ళు అవి.

రాయికి దిక్కులున్నాయి

గ్రానైటు కోట్ల సంవత్సరాల కిందట భూమి లోపల కరిగిన పదార్థం మెల్లగా చల్లారి గడ్డకట్టగా ఏర్పడింది. హైదరాబాదు చుట్టుపక్కల కనిపించే గుట్టల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు! అందులో ముఖ్యంగా మూడు ఖనిజాలుంటాయి. ఒకటి ఫెల్డ్‌స్పార్. రెండోది క్వార్ట్జ్. దీన్నే మనం పలుగురాయి అంటాం. మూడోది తళతళలాడే అభ్రకం.

ఈ ఖనిజపు పలుకుల అమరికను బట్టి, వాటిలోని కంటికి కనిపించని సన్నని పగుళ్ళను బట్టి రాయి ఒక దిక్కున తేలికగా చీలుతుంది. మరో దిక్కున మొండికేస్తుంది. అనుభవమున్న పనివాడు రాతి ముఖం మీది చారలనూ, మెరుపునూ చూసి ఆ దిక్కు చెప్పగలడు. భూగర్భశాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో చూసి తెలుసుకునేదాన్ని అతను కంటితో చూసి, చేతితో తడిమి తెలుసుకుంటాడు.

పలకరాయిలో ఈ గుణం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సన్నని బురద పొరలుపొరలుగా పేరుకుని, భూమి లోపలి ఒత్తిడికి, వేడికి గట్టిపడి పలకరాయి అవుతుంది. ఆ ఒత్తిడికి అందులోని అభ్రకం వంటి రేకులన్నీ ఒకే వైపు తిరిగి పడుకుంటాయి. అంచున ఉలి పెట్టి మెల్లగా తడితే పుస్తకంలో పుటలు విప్పినట్టు పొరలు విడిపోతాయి. మీ తాతలు, తండ్రులు అక్షరాలు దిద్దిన రాతిపలకలు ఇలా తయారైనవే. మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశం నలుమూలలకూ వెళ్ళేవి. అంటే "రాళ్ళు కొట్టేవాడు" లేకపోతే ఆనాటి పిల్లలకు చదువే మొదలయ్యేది కాదు!

చెవితో చూడటం

సంతలో కుండ కొనేటప్పుడు మీ అమ్మ ఏం చేస్తుంది? వేలి కణుపుతో తట్టి చూస్తుంది. ఖంగుమంటే మంచి కుండ. బొదబొదమంటే ఎక్కడో బీట ఉన్నట్టు. రాతిపనివాడు కూడా సుత్తితో రాతిని తట్టి వింటాడు. రాయి ఏకండీగా ఉంటే కంపనాలు అడ్డు లేకుండా సాగి గంటలా మోగుతుంది. లోపల పగులు ఉంటే కంపనాల శక్తి అక్కడే ఖర్చయిపోయి చప్పుడు అణగిపోతుంది.

మన శిల్పశాస్త్రాలు ధ్వనిని బట్టి రాళ్ళను పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని మూడు రకాలు చేశాయి. పురుష శిలతో విగ్రహం, స్త్రీ శిలతో పీఠం, నపుంసక శిలను పునాదికీ వాడాలని చెప్పాయి. రాతికి ఆడ, మగ ఉండవు. కాని గంటలా మోగే రాతిని ఏరి, సన్నని వేళ్ళు, ముక్కు చెక్కవలసిన విగ్రహానికి కేటాయించడంలో మంచి శాస్త్రం ఉంది. లోపల పగులున్న రాయి పునాదిలో ఉన్నా బరువు మోస్తుంది. విగ్రహం ముక్కు దగ్గర ఉంటే నెలల శ్రమ వృథా!

నిప్పుతో బండ తీయడం

ఇనుముతో పని లేకుండా బండలను లేపే పద్ధతి ఒకటుంది. పరుపులా పరచుకున్న బండ మీద కట్టెలు పేర్చి మంట పెడతారు. రాయి వేడిని మెల్లగా మాత్రమే లోపలికి పోనిస్తుంది. అందువల్ల పై పొర కాలి వ్యాకోచిస్తుంది. కింది పొర చల్లగా అలాగే ఉంటుంది. ఈ రెంటి మధ్య పెనుగులాటలో పై పొర పెచ్చులా లేస్తుంది. మందపాటి గాజుగ్లాసులో సలసల కాగే నీళ్ళు పోస్తే పగలడానికి కారణం కూడా ఇదే. పొర ఎంతవరకు లేచిందో పనివాడు సుత్తితో తట్టి, చప్పుడులో మార్పును బట్టి తెలుసుకుంటూ మంటను ముందుకు జరుపుతాడు.

ఇనుము కన్న రాయి గట్టిది!

ఖనిజాల కాఠిన్యాన్ని కొలవడానికి మోస్ అనే శాస్త్రజ్ఞుడు 1 నుంచి 10 వరకు ఒక వరస ఏర్పరచాడు. బలపపు రాతిలో ఉండే టాల్క్ 1. వజ్రం 10. ఈ వరసలో ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. మామూలు ఉక్కు క్వార్ట్జ్‌ను గీరలేదు. మరి ఉక్కు ఉలి గ్రానైటును ఎలా చెక్కుతుంది?

నిజానికి చెక్కదు, చిట్లగొడుతుంది. సుత్తి దెబ్బ బలమంతా ఉలి మొనలోని పిసరంత చోటున పడుతుంది. అక్కడి పలుకు నలిగి పెళుసుగా ఎగిరిపోతుంది. ఉలి కూడా అరిగిపోతూ ఉంటుంది. కనుకనే రాతిపని జరిగేచోట కొలిమి ఉండవలసిందే. మొనను ఎర్రగా కాల్చి, సాగగొట్టి, సరైన సమయానికి నీటిలో ముంచాలి. వేడి ఎక్కువై ముంచితే మొన పెళుసెక్కి విరుగుతుంది. తక్కువైతే మెత్తబడి వంగుతుంది. ఇది లోహశాస్త్రం!

ఇలా పలుకు తరువాత పలుకు రాల్చి చేసిన పని పాలంపేటలోని రామప్ప గుడిలో చూడవచ్చు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దాన్ని కట్టించినట్టు 1213 నాటి శాసనం చెబుతోంది. 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. రామప్ప అన్నది ఆ గుడి చెక్కిన శిల్పి పేరని అక్కడివారు చెబుతారు. కట్టించినవారి పేరుతో కాక పనివాడి పేరుతో పిలిచే గుడి ఎంత అరుదో ఆలోచించండి.

హైదరాబాదు హుస్సేన్‌సాగర్ మధ్య నిలుచున్న సుమారు 58 అడుగుల బుద్ధ విగ్రహం భువనగిరి దగ్గరి రాయగిరి కొండ నుంచి వచ్చింది. ఒకే రాతి నుంచి దాన్ని చెక్కించినవారు ఎస్.ఎం. గణపతి స్థపతి. వాస్తుగ్రంథాల నాటి "స్థపతి" అనే మాట ఆయన పేరులో ఇంకా బతికి ఉంది చూశారా! 1990 మార్చిలో తరలిస్తుండగా విగ్రహం సరస్సులో మునిగి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1992 డిసెంబరులో దాన్ని పైకి తీసి నిలబెట్టారు. రెండేళ్ళకు పైగా నీటి అడుగున ఉన్నా రాయి చెక్కుచెదరలేదు.

గుళ్ళు, విగ్రహాలే కాదు. కృష్ణానది మీది నాగార్జునసాగర్ చూడండి. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు వదిలిన ఈ ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. రాతితో కట్టిన ఆనకట్టలలో ఇది ప్రపంచంలోకెల్లా పెద్దదిగా పేరుపొందింది. నీటి తోపుడును అది తన బరువుతోనే ఆపుతుంది. ఆ బరువంతా వేలాది మంది పనివారు కొట్టి, మోసి, పేర్చిన రాళ్ళది. మీరు తినే అన్నంలో ఆ నీటితో పండిన మెతుకులు ఉండవచ్చు. ఆ వేలమందిలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

కంటికి కనిపించని శత్రువు

ఇంత నేర్పున్న పనిలో ఒక పెద్ద అపాయం దాగి ఉంది. రాయి చిట్లినప్పుడు దుమ్ము లేస్తుంది. అందులో పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. దగ్గితే, తుమ్మితే బయటికి పోతాయి. కాని 5 మైక్రానుల కన్న చిన్న రేణువులు ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళతాయి. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అలాంటి రేణువులు గాలిలో తేలుతున్నా కంటికి కనిపించవు.

ఊపిరితిత్తులలో కాపలా కాసే కణాలు ఆ రేణువులను మింగుతాయి. మామూలు మురికిని మింగితే అవి దాన్ని వదిలించుకోగలవు. క్వార్ట్జ్ రేణువును మింగిన కణం మాత్రం దెబ్బతిని చచ్చిపోతుంది. రేణువు బయటపడి మరో కణానికి చిక్కుతుంది. అదీ చస్తుంది. ఇలా సంవత్సరాల తరబడి జరిగి, మెత్తని స్పంజిలా ఉండవలసిన ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దీని పేరు సిలికోసిస్. ఇది వచ్చినవారికి క్షయ సోకే ప్రమాదమూ ఎక్కువే. గట్టిపడిన ఊపిరితిత్తిని మళ్ళీ మామూలుగా చేసే మందు ఇంతవరకు లేదు.

రాతిపనివారి దగ్గు గురించి ఇటలీ వైద్యుడు రామజ్జీని 300 సంవత్సరాల కిందటే రాశాడు. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పిల్లలు రాసుకునే బలపాలను ఒక రకం పలకరాతి నుంచి రంపాలతో కోసేవారు. అక్కడి పనివారిని వైద్యులు పరీక్షించినప్పుడు చాలామందికి, పడుచు వయస్సులోనే, ఈ జబ్బు కనిపించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన జబ్బుల పట్టికలో చేర్చింది. కాని కొండ పక్కన, రోడ్డు పక్కన రాళ్ళు కొట్టేవారు ఫ్యాక్టరీలో లేరు. వారి జబ్బు తరచుగా ఏ పట్టికకూ ఎక్కదు. చాలాసార్లు అది క్షయ అనుకుని ఊరుకుంటారు.

దీన్ని రాకుండా ఆపవచ్చు. ఉపాయం తేలికైనదే: నీళ్ళు! రాతిని తడుపుతూ తొలిస్తే, కోస్తే దుమ్ము లేవకుండా బురదగా కిందికి కారిపోతుంది. దుమ్మును పుట్టినచోటే పీల్చివేసే గొట్టాలూ ఉన్నాయి. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు పెద్ద రేణువులనే ఆపుతుంది. సన్నని రేణువులను ఆపడానికి ప్రత్యేకమైన ముసుగు కావాలి. నేటి కరెంటు రంపాలు, తొలిచే యంత్రాలు చేతి ఉలి కన్న ఎన్నో రెట్లు దుమ్ము లేపుతాయి. కనుక వాటికి నీళ్ళు మరింత అవసరం.

మాట వెనుక మనిషి

"తెలివి అక్కరలేని పని" అని పేరుపడిన పనిని ఎవరూ శ్రద్ధగా చూడరు. చూడని పనిలో ఉన్న నేర్పూ కనిపించదు, అపాయమూ కనిపించదు. పాత సంస్కృతంలో తవ్వేవాడు కూడా శిల్పే అయినప్పుడు, బండ గుండెలోని పగులును చెవితో పట్టగలిగినవాడు శిల్పి కాకపోతే ఎవరు?

మీ ఊరి దగ్గర రాతిపని జరుగుతుంటే పెద్దలతో కలిసి వెళ్ళి, దుమ్ముకు దూరంగా నిలబడి చూడండి. పని ఆపిన వేళ ఆ తాతనో, మామనో, పెద్దమ్మనో కొన్ని ప్రశ్నలు అడగండి. ఈ రాయి ఏ దిక్కున చీలుతుంది? ఆ దిక్కును మీరేమంటారు? తిరగలికి కక్కు కొట్టే ఉలికీ, బండను తొలిచే ఉలికీ తేడా ఏమిటి? మంచి రాయి చప్పుడు ఎలా ఉంటుంది? వారు చెప్పిన మాటలన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. వాటిలో చాలా మాటలు ఏ నిఘంటువులోనూ ఉండవు. ఇంకో ప్రశ్న కూడా మరచిపోకండి: రాతిని తడపడానికి అక్కడ నీళ్ళున్నాయా?